గాటు పడ్డ టైబీరియస్ డెనారియస్ కొనొచ్చా?

నల్గొండ_లెస్టర్

అందరికీ నమస్తే. పాత వెండి నాణేలు ఈ మధ్యే కొనడం మొదలుపెట్టాను. రోమన్ల వెండి నాణెం డెనారియస్ ఒక్కటైనా నా దగ్గర ఉండాలి, అదీ టైబీరియస్ చక్రవర్తిదే కావాలి. మా నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా డెనారియస్‌లు భూమిలోంచి బయటపడ్డాయి. అగస్టస్, టైబీరియస్ కాలానివి. ఆ సంగతి చదివినప్పటి నుంచీ మనసు అటే లాగుతోంది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక అమ్మకందారు ఆన్‌లైన్‌లో ఒకటి పెట్టాడు. బరువు 3.62 గ్రాములు. ముందు చక్రవర్తి తల, వెనక చేతిలో కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. అయితే చెవి దగ్గర్నుంచి ముక్కు దాకా చెంప మీద లోతుగా గాటు ఉంది. ధర 140 పౌండ్లు. గాటు లేనివి అతని దగ్గరే 300 దాటాయి. ఆ గాటు ఏంటి? నకిలీదా? అదే టెన్షన్. మా ఆయన మాత్రం "నైట్ డ్యూటీ డబ్బులు పోసి చెంప తెగినోణ్ణి తెచ్చుకుంటావా" అంటున్నాడు.

తూకంరాయి (హైదరాబాద్)

అమ్మా, ముందు ఆ గాటు లోపలి భాగం పెద్ద ఫొటో అడుగు. లోపల కూడా పైభాగంలాగే నల్లబడి ఉంటే పాత గాటు. తళతళలాడుతుంటే ఈ మధ్య పెట్టింది. ఎర్రగా రాగి కనబడితే అది వెండి రేకు తొడిగిన రాగి బిళ్ల. అలాంటివి రోమన్ల రోజుల్లోనే చేసేవాళ్లు, కాబట్టి పాతదే, కానీ నువ్వు వెండి ధర ఇవ్వక్కర్లేదు.

తర్వాత అంచు. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి గీత మిగులుతుంది, లేదంటే దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులుంటాయి. ఒంటి మీద బుడగల గుంటలుంటాయి. అక్షరాలు అరిగిన సబ్బు మీది పేరులా మెత్తబడి కనిపిస్తాయి. అచ్చుతో కొట్టిన అసలు నాణేనికైతే అంచు అక్కడక్కడా చిట్లుతుంది. బరువు బాగానే ఉంది. అయస్కాంతం పెట్టి చూడమనేవాళ్ల మాట పట్టించుకోకు, రాగికీ సీసానికీ కూడా అది అంటుకోదు. రెండు వేల ఏళ్లలో వెండి పెళుసెక్కిపోయి ఉండొచ్చు, మోగుతుందా అని కింద వేసి చూడొద్దు. చింతపండు పెట్టి తోమడం అసలే వద్దు.

ఇక గాటు ఎందుకంటే, దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల మీద ఇది కొత్తేమీ కాదు. 1898లో పుదుక్కోట్టై ప్రాంతంలో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటికి తల మీద ఇలాగే గాటు ఉంది. లోపలి లోహం పరీక్షించడానికని కొందరు, ఇకమీదట ఇది డబ్బుగా చెల్లదని చెప్పడానికని కొందరు అంటారు. నేను రెండోదే నమ్ముతాను. పరీక్షకైతే అంచున గీకితే చాలదా, రాజు మొహమే ఎందుకు చెడగొట్టాలి?

ఎడిసన్_వాసు

బాబాయ్ చెప్పిన ఆ చివరి ముక్క దగ్గరే నాకు అనుమానం. అక్కా, ఆ గాటు నిజంగా పాతదైతే ఆ నాణెం మన నేలలోంచే వెళ్లి ఉండొచ్చు. గాటు ఉన్న ప్రతిదీ ఇండియాది కాదనుకోండి, పరీక్ష గాట్లు వేరే చోట్లా పెట్టారు. కానీ ఇండియాలో 1947 నుంచే పురావస్తువుల ఎగుమతి మీద చట్టం ఉంది. 1972 చట్టంతో మామూలు మనుషులు బయటికి పంపడం పూర్తిగా కుదరకుండా పోయింది. వందేళ్లు దాటిన నాణెం దాని కిందకే వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ కొన్నదో పాత కాగితం చూపించమనండి. అసలుదా నకిలీదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఆ 300 ధర అరుదైనదని కాదు, ఈ రకం బోలెడన్ని ఉన్నాయి. పన్ను కట్టాలా వద్దా అని అడిగినప్పుడు యేసుకు చూపించిన దేనారం (డెనారియస్) ఇదేనని పేరు పడింది, అందుకే ఎగబడతారు. మీకు రోమన్ వెండి నాణెం ఉంటే చాలనుకుంటే ట్రేజన్, హాడ్రియన్ చక్రవర్తులవి చూడండి, బాగా చవక. వాళ్లు నీరో చక్రవర్తి తర్వాతివాళ్లు. క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో బరువూ తగ్గించాడు, వెండిపాలూ తగ్గించాడు. మనవాళ్లకు చేరినవాటిలో పాతవే ఎక్కువ, ఆ తర్వాతి డెనారియస్‌లు ఇండియాలో చాలా తక్కువ దొరికాయి. కాబట్టి వాటితో ఈ తలనొప్పి కూడా తక్కువ.

నల్గొండ_లెస్టర్

అమ్మకందారుకు మెయిల్ పెట్టాను. "పాత యూరప్ కలెక్షన్" అని ఒక్క ముక్క రాశాడు. ఏ సంవత్సరం, ఎవరి దగ్గర అని అడిగితే ఇక జవాబే లేదు. వదిలేశాను. మా ఊరి నాణెం కావాలని మా ఊరి నుంచి దొంగతనంగా వచ్చిందాన్ని కొనలేను కదా.

వేరేచోట హాడ్రియన్‌ది ఒకటి చూశాను, 85 పౌండ్లు, పాత వేలం రసీదు కూడా ఇస్తామన్నారు. గడ్డం వెంట్రుకలు స్పష్టంగా ఉన్నాయి. అంచు ఫొటోలు పెడుతున్నాను, బాబాయ్ ఒకసారి చూడండి.

తూకంరాయి (హైదరాబాద్)

అంచు శుభ్రంగానే ఉంది, కుడిపక్క చిట్లు మామూలే. రసీదులో ఉన్న ఫొటో, ఈ ఫొటో పక్కపక్కన పెట్టి చిట్లు అదే చోట ఉందో లేదో చూసుకో. బరువు ఎంతో రాయలేదేం?