దారిలో ప్రమాదం జరిగినా యజమానే బాధ్యుడా?

పాలిష్‌యూనిట్_ఖమ్మం
2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. కార్మికుడు ఇంటి నుంచి పనికి వస్తున్నా, పని ముగించుకుని ఇంటికి వెళ్తున్నా, దారిలో ప్రమాదం జరిగితే పనిలో జరిగినట్టేనట. మాది గ్రానైట్ పాలిష్ యూనిట్. రోడ్డు నాది కాదు, బండి నాది కాదు. పరిహారం మాత్రం నేను కట్టాలా?

గుంటూరు_వకీలు
ప్రతి రోడ్డు ప్రమాదమూ మీ మీద పడదు. ప్రమాదం జరిగిన వేళకు, చోటుకు, పరిస్థితులకు ఉద్యోగంతో సంబంధం ఉందని తేలాలి. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి బండి మీద వెళ్తూ, ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా చనిపోయాడు. అది 2003లో. పాత చట్టం (1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం) కిందే ఆ కుటుంబానికి పరిహారం దక్కాలని సుప్రీంకోర్టు తేల్చింది 2025 జూలైలో.

శ్రీకాకుళం_శ్రీను
ఇరవై రెండేళ్లు!

ఫిట్టర్
దారి సంగతి తర్వాత, లోపల జరిగేవాటి మాటేమిటి? మా బావమరిది ఒక గ్రానైట్ యూనిట్‌లో లోడింగ్ పని చేసేవాడు. స్లాబులను స్టాండుకు ఆనించి వరుసగా నిలబెడతారు. ముందున్నదానికి క్రేను బెల్టు తగిలిస్తుంటే వెనుకది జారింది. మోకాలి కింద ఎముకలు నుజ్జయ్యాయి. ఆస్పత్రి మంచం దగ్గరికే మేస్త్రీ వచ్చి లక్ష రూపాయలు చేతిలో పెట్టి, ఇక ఏ హక్కూ లేదని తెల్లకాగితం మీద రాయించుకున్నాడు.

పాలిష్‌యూనిట్_ఖమ్మం
నేనడిగింది దారి గురించి. ఒకే బండి మీద ముగ్గురెక్కి, హెల్మెట్ లేకుండా వస్తారు. ఆ నిర్లక్ష్యానికి నేనెందుకు పూచీ పడాలి?

గుంటూరు_వకీలు
పది మంది పనిచేసే చోట ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉండాలి. నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవారికి చందా కడితే, దారిలో జరిగిన ప్రమాదానికైనా డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ సంస్థ, మీరు కాదు. దారి ప్రమాదాలకు ఈ ఏర్పాటు 2010 నుంచే ఉంది. మరి మీకు భయమెందుకు? ఎందరికి కడుతున్నారు?

పాలిష్‌యూనిట్_ఖమ్మం
యంత్రాల మీద పనిచేసే పన్నెండు మందికీ కడుతున్నాను. లోడింగ్ వాళ్లు నా మనుషులు కారు. మేస్త్రీ తెస్తాడు, మేస్త్రీయే కూలి ఇస్తాడు.

ఫిట్టర్
ఇప్పుడు బయటపడింది! స్లాబు మీది, స్టాండు మీది, లాభం మీది. కాలు విరిగితే మాత్రం మనిషి మేస్త్రీవాడా?

గుంటూరు_వకీలు
1923 చట్టం 12వ సెక్షన్ ఏనాడో చెప్పింది: కాంట్రాక్టరు తెచ్చిన కూలీకైనా ముందు ప్రధాన యజమానే చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి.

పాలిష్‌యూనిట్_ఖమ్మం
నన్ను దొంగను చేయకండి. లోడింగ్ వాళ్లలో చాలామంది ఒడిశా నుంచి వచ్చి మూడు నెలలుండి వెళ్లిపోతారు. పేర్లు రాద్దామంటే మేస్త్రీ ఒప్పుకోడు. పక్క యూనిట్‌లో ఒక్కరి పేరూ రాయరు, అందుకే అడుగు ధర తగ్గించి అమ్ముతారు. తనిఖీకి వచ్చినవాడు పుస్తకాలున్న నా దగ్గరికే వస్తాడు. చట్టం పాటించినవాడే మునగాలా?

ఫిట్టర్
యజమాని చందా 3.25 శాతం. 15,000 కూలికి నెలకు 487 రూపాయల 50 పైసలు. పక్క యూనిట్ మీద ఫిర్యాదు చేయండి, నేనూ సంతకం పెడతాను. అంతేగాని, మీ ధరల పోటీకి మా కాళ్లు పణంగా పెట్టకండి.

నల్లగొండ_రైతు
2025 జూన్‌లో పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే మృతుల కుటుంబాలకు కోటి ప్రకటించారు. ఎక్కడో ఒక్కడే చనిపోతే అడిగేవాడేడీ?

కొత్త_సభ్యుడు
మా అన్న 2025 ఫిబ్రవరిలో క్వారీలో చనిపోయాడు. వయసు 30. రెండు లక్షలిచ్చి వదిన చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఇక చేయగలిగిందేమీ లేదా?

గుంటూరు_వకీలు
ఉంది. మరణ పరిహారాన్ని ఉద్యోగుల పరిహార కమిషనర్ దగ్గర జమచేయాలి. నేరుగా ఇచ్చిన సొమ్మును చట్టం పరిహారంగా లెక్కించదు. బయానాగా మూడు నెలల వేతనం మేరకు మాత్రం మినహాయిస్తారు. ఆ వేలిముద్రతో మీ హక్కు పోదు. అప్పటికి పాత చట్టమే వర్తిస్తుంది: నెల వేతనంలో సగాన్ని ముప్పై ఏళ్ల వయసుకు 207.98తో హెచ్చించాలి. వేతనం 15,000 అయితే 15,59,850 రూపాయలు, ఆపైన 12 శాతం వడ్డీ. అంతకంటే ఎక్కువ సంపాదించినా 15,000కే లెక్క కడతారు. గడువు రెండేళ్లు. మేస్త్రీ ఇచ్చిన చీటీలు, ఫోనులో కూలి జమ అయిన వివరాలు, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక తీసుకుని వదినగారితో కలిసి జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి ఈ వారమే వెళ్లండి.