కర్ణుడి పతనానికి అతని మంచి గుణాలే కారణమా?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. తెలుగు సెమినార్‌కి కర్ణుడి మీద పేపర్ రాస్తూ ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

విషాద నాయకుడు మరీ మంచివాడూ కాదు, దుర్మార్గుడూ కాదు, ఏదో పొరపాటు వల్ల పడిపోతాడంటాడు అరిస్టాటిల్. కర్ణుడిలో ఆ పొరపాటు కోసం వెతికితే నాకు గుణాలే దొరుకుతున్నాయి. సూర్యుడు ముందే హెచ్చరించినా ఇంద్రుడికి కవచకుండలాలు ఒలిచి ఇచ్చాడు. కుంతికిచ్చిన మాట కోసం చేతికి చిక్కిన ధర్మరాజునీ భీముణ్ణీ వదిలేశాడు. అన్నిటికంటే నన్ను పట్టేసింది కృష్ణుడితో ఏకాంతంలో అతను చెప్పిన మాట: నా పుట్టుక సంగతి ధర్మరాజుకి తెలియనివ్వకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడి చేతిలో పెడతాను అని. తమవైపు ఓడిపోతుందని తెలిసే అంటాడు!

మా గైడ్ మాత్రం ఒప్పుకోవడం లేదు. కవచానికి బదులుగా ఇంద్రుడి దగ్గర శక్తి అనే ఆయుధాన్ని అడిగి పుచ్చుకున్నాడు కదా, అది దానమెలా అవుతుందన్నారు. (ఆ శక్తి కూడా ఘటోత్కచుడి మీదే ఖర్చయిపోయింది, పాపం.) సభలో ద్రౌపదిని అన్న మాటలు ఏ గుణం కిందికొస్తాయని కూడా అడిగారు. స్నేహధర్మం అని సరిపెట్టడానికి నాకూ మనసొప్పలేదు.

గుణమే ముదిరి దోషమైందనాలా, లేక గుణమూ దోషమూ విడివిడిగా ఉన్నాయనాలా? కుండలాల కథ ఎర్రన చేతిలో, రాయబారం తిక్కన చేతిలో వచ్చాయి కాబట్టి ఇద్దరి కర్ణుల్లో తేడా ఏమైనా గమనించారా? ఫలానా పద్యం చూడమని చెప్పినా చాలు. వచ్చే వారమే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.