రిటైనింగ్ వాల్ బీటలో ఎపాక్సీ లోపలిదాకా దిగిందో లేదో ఎలా తేల్చాలి? (తిరుపతి)

కొండవాలు_తిరుపతి:
కపిలతీర్థం వైపు ఇల్లు. రిటైనింగ్ వాల్ మందం 300 మి.మీ., వెనక మట్టి. నిలువు బీట 2 మీటర్లు, వెడల్పు 0.4 మి.మీ. ఎపాక్సీ (బీటను నింపి అతికించే మందు) ఎక్కించారు. కాంట్రాక్టరు రీబౌండ్ హామర్ రీడింగులు చూపించి "లోపలంతా నిండింది సార్" అంటున్నాడు. హామర్‌తో అది తెలుస్తుందా?

యూపీవీ_చిత్తూరు:
తెలీదన్నా. హామర్ చెప్పేది పైపొర గట్టితనమే. పాత గోడకు కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పైపొర గట్టిపడటం) పట్టి ఉంటే రీడింగ్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. అల్ట్రాసోనిక్ (గోడలోకి తరంగం పంపి, అది చేరే టైమ్ కొలిచే పరీక్ష) పెట్టించండి, భారతీయ ప్రమాణం ఐఎస్ 516 పార్ట్ 5 సెక్షన్ 1 ప్రకారం.

వెనక మట్టి ఉంది కాబట్టి రెండు ప్రోబులూ (తరంగం పంపేది, అందుకునేది) ఒకే ముఖం మీద పెట్టాలి. ముందు కవర్ మీటర్‌తో (లోపలి కమ్మీలు ఎక్కడున్నాయో చూపే పరికరం) కమ్మీలు గుర్తుపెట్టుకుని, రెండు అడ్డ కమ్మీల నడిమధ్యన గీత గీయండి. ప్రోబు కమ్మి మీద పడితే తరంగం ఉక్కు వెంబడే పరిగెత్తి బీటే లేనట్టు చూపిస్తుంది. సున్నం, ప్లాస్టరింగ్ గీకేసి గ్రీజు రాయండి. బీటకు అటూ ఇటూ 150 మి.మీ. దూరంలో ఒక టైమ్, 300 దూరంలో ఇంకో టైమ్ తీయండి.

మొదటి టైమ్ వర్గాన్ని 4తో గుణించి, రెండో టైమ్ వర్గం తీసేయండి. దాన్ని ఆ రెండు వర్గాల తేడాతో భాగించి, వర్గమూలాన్ని 150తో గుణిస్తే లోతు. 90, 158 మైక్రోసెకన్లు వస్తే దాదాపు 100 మి.మీ. లోతున్నట్టు.

రిపేరు అయ్యాక ముందు ఇలా పోల్చి చూడండి. బీట లేని చోట అదే దూరాల్లో టైములు తీయండి. సెకనుకు 4 కి.మీ. వేగముండే కాంక్రీటులో అవి 75, 150 ఉంటాయి. బీట దగ్గర అంతకన్నా ఎక్కువ వస్తే నిండనట్టు. అంతే వచ్చినా పైభాగం నిండినట్టు మాత్రమే, తరంగం అక్కడినుంచే దాటిపోతుంది కాబట్టి లోపలి సంగతి దీనితో తేలదు.

ఎపాక్సీ_మేస్త్రి:
దానికన్నా ముందు మందు లెక్క అడగండి. 0.4 × 300 × 1000 అంటే మీటరుకు 120 మి.లీ., మీ బీటకు 240. ఎంత పట్టిందట?

కొండవాలు_తిరుపతి:
90 మి.లీ. అన్నారు.

ఎపాక్సీ_మేస్త్రి:
చాలా తక్కువ. బీట లోపలికి సన్నబడితే కొంత తగ్గొచ్చు గానీ, ఇంత తగ్గితే అనుమానించాల్సిందే. గ్రైండర్ దుమ్ము బీట నోట్లో చిక్కుకుంటే మందు దిగదు. కింది పోర్టు (మందు ఎక్కించే గొట్టం) నుంచి మొదలుపెట్టి, పై పోర్టులోంచి మందు కారేదాకా ఆగకుండా తొందరపడి మార్చినా ఇంతే. 240 దాటి తాగుతూనే ఉంటే మాత్రం వెనక మట్టిలోకి పోతున్నట్టు.

యూపీవీ_చిత్తూరు:
ఇంకోటి, ఈ పరీక్ష నవంబరు వానల్లో పెట్టొద్దు. బీటలో నీళ్లుంటే తరంగం నీళ్లలోంచి దాటిపోతుంది, ఖాళీ బీట కూడా నిండినట్టే కనిపిస్తుంది. వారం పొడి ఎండ కాశాక, ప్రతి 250 మి.మీ. ఎత్తుకొక గీత వేసి తీయండి. అన్నిటికన్నా టైమ్ ఎక్కువ వచ్చిన చోట, కమ్మి తగలకుండా 50 మి.మీ. కోర్ (గోడలోంచి కోసి తీసే గుండ్రటి ముక్క) ఒకటి తీయించండి. కోర్ పక్కన ఎపాక్సీ గీత ఎంత లోతువరకు ఉందో కంటికే కనిపిస్తుంది. ఆ రంధ్రాన్ని నాన్‌ష్రింక్ గ్రౌట్‌తో (ఆరాక కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) మూసేయాలి.

వీప్ హోల్స్‌లోంచి (వెనక మట్టిలోని నీళ్లు బయటికి పోయే గోడ రంధ్రాలు) నీళ్లు వస్తున్నాయా? అవి మూసుకుపోయి ఉంటే ముందు వాటిని తెరిపించండి, తర్వాతే మళ్లీ ఇంజెక్షన్.