అబద్ధం చెప్పే నేర్పును ఎలా కొలవాలి?

బెంగళూరులో ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టు చేస్తున్నాను. మారతహళ్లి పీజీల్లో ఉండే 20 మంది తెలుగువాళ్ల చేత మనిషి స్వభావాన్ని ఐదు లక్షణాల్లో కొలిచే బిగ్ ఫైవ్ ప్రశ్నావళి నింపించి, రెండేసి నిమిషాల నిజం ఒకటి, అబద్ధం ఒకటి చెప్పించి గొంతు రికార్డు చేశాను. ఒక్కో రికార్డింగు విని నిజమో అబద్ధమో వేరేవాళ్లు చెప్పారు.

చిక్కల్లా ఇక్కడే. కలుపుగోలు మనుషుల అబద్ధాలనే కాదు, నిజాలనూ ఎక్కువమంది నమ్మారు. బిడియస్థులు నిజం చెప్పినా అనుమానించారు, పాపం. మరి నేను కొలిచింది నేర్పునా, మాటతీరునా? నిజమో అబద్ధమో మనుషులు సరిగ్గా చెప్పగలిగేది సగటున 54 శాతమేనని 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు తేల్చారు, కాబట్టి విన్నవాళ్లను తప్పుపట్టలేను. మాట వేగం, తడబాట్లు లెక్కపెట్టినా తేడా దొరకలేదు.

అబద్ధాన్ని నమ్మినవాళ్ల శాతంలోంచి నిజాన్ని నమ్మినవాళ్ల శాతం తీసేస్తే, అది నేర్పుకు సరైన కొలత అవుతుందా?