సొరకుమా, చొరకుమా?

నల్లబల్ల:
మొన్న ఆదివారం పొద్దున్నే చెన్నైలో ట్రైన్ ఎక్కి మా ఊరు వెళ్ళాను, నాయుడుపేట దగ్గర. మా పదో తరగతి వాళ్ళందరం కలిశాం. తెలుగు మాస్టారు కూడా వచ్చారు. పాత గదిలోనే కూర్చోబెట్టి, హాజరు పిలిచి, "అప్పిచ్చువాడు, అందరూ కలిసి" అన్నారు. అదే, సుమతీ శతకం పద్యం: "అప్పిచ్చువాడు వైద్యుడు / నెప్పుడు నెడతెగక పారు నేరును ద్విజుడున్ / చొప్పడిన యూర నుండుము / చొప్పడకున్నట్టి యూరు..." మూడు పాదాలు ఒక్క గొంతులా సాగాయి. నాలుగో పాదం చివరికి వచ్చేసరికి కిటికీ వైపు బెంచీలవాళ్ళు "యూరు సొరకుము" అన్నారు, తలుపు వైపు వాళ్ళు "యూరు చొరకుము" అన్నారు. మాస్టారు నవ్వుతూ "ఇంటికెళ్ళి చూసుకోండి" అని టీకి లేచిపోయారు. అప్పట్నుంచీ మనసులో అదే గింగిరాలు తిరుగుతోంది.

రెండిటికీ అర్థం ఆ ఊళ్ళోకి పోకు అనే. నాకు గుర్తున్నది సొరకుము. నా పక్కన కూర్చునేవాడు యూనిట్ టెస్టులో ఈ పద్యానికి రాసిన భావం ఇప్పటికీ మా ఊళ్ళో చెప్పుకుంటారు: "చొప్ప పడిన ఊళ్ళో ఉండుము. చొప్ప పడని ఊళ్ళో సొరకాయ తినుము." మాస్టారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, పేపరు మీద ఎర్ర ఇంకుతో "పశువులకు 2, పద్యానికి 0" అని రాశారు. మీ పుస్తకాల్లో ఏముందో చెప్పండి.

పెరంబూరు పంతులమ్మ:
సొరకుమే నాయనా. ఊరు మీద చొరకుము వచ్చింది, గసడదవాదేశం, అంటే ప్రథమా విభక్తి మాట మీద క చ ట త ప లు గ స డ ద వ లు అయ్యే సంధి, చ పోయి స వచ్చింది. ఇందులో చర్చేముంది? నేను ఇక్కడ చెన్నైలో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పినన్నాళ్ళూ అలాగే చెప్పాను. కాకపోతే మా పిల్లల కష్టం వేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళంలో సుఱా అంటే సొరచేప కదా, ఒకమ్మాయి నోట్‌బుక్‌లో పద్యం పక్కన పెద్ద సొరచేపని పళ్ళతో సహా గీసింది. "ఇదేంటే" అంటే "ఏరు ఉంది కదా టీచర్, ఏట్లో సొర ఉంటే ఆ ఊరికి పోవద్దని" అంది. నేను ఆ పిల్లని కోప్పడలేదు. పద్యంలో ఏరు ఉందని గుర్తుపెట్టుకున్నది క్లాసు మొత్తమ్మీద ఆ పిల్ల ఒక్కతే.

అరసున్న:
పంతులమ్మగారూ, గసడదవలు ప్రథమ మీద కదండీ వచ్చేది. వాడు గొట్టె అంటే వాడు కర్త, సరే. ఇక్కడ ఊరు కర్త కాదు. ఊరిని చొరవద్దు అంటున్నాడు, అంటే కర్మ. ఇక సొ ఎక్కడినుంచి వస్తుంది? నాది చొరకుము పార్టీ.

పెరంబూరు పంతులమ్మ:
జడానికి, అంటే ప్రాణం లేనివాటికి, ద్వితీయ బదులు ప్రథమ వస్తుందని వ్యాకరణంలో చిన్నయసూరి చెప్పలేదా? అన్నం తిన్నాడు, ఊరు చేరాడు. అర్థంలో కర్మే, రూపంలో ప్రథమే. సూరిగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన మనిషి, 1853లో నీతిచంద్రిక వేసిన మనిషి. మనకి వచ్చే సందేహాలు ఆయనకి ముందే పిల్లలు తెచ్చి ఉంటారు.

అరసున్న:
బహుళం అని కూడా అన్నారు కదా ఆయనే. అంటే రావచ్చు, రాకపోవచ్చు. ఇంకోటి చూడండి. "ద్విజుడున్" అని న్ తో ఆగింది రెండో పాదం. ఆ న్ ద్రుతం, దాని మీద చ జ అవుతుంది, కాబట్టి "చొప్పడిన" వస్తే "జొప్పడిన" కావాలి. కొందరు అలాగే అంటారు కూడా. మీరేమో అక్కడ చ ఉంచేసి, ఇక్కడ మాత్రం సంధి చేస్తామంటున్నారు. చేస్తే రెండు చోట్లా చేయండి.

పెరంబూరు పంతులమ్మ:
అక్కడ సగం పద్యం అయిపోయి ఊపిరి తీసుకుంటాం. ఇక్కడ పాదం మధ్యలో ఉన్నాం. రెండూ ఒకటెలా అవుతాయి?

కందం:
యతి వైపు నుంచి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం వైపు నుంచి, తేల్చవచ్చేమో అని కాగితం మీద వేసి చూశాను. తేలలేదు. నాలుగో పాదం చొ తో మొదలు, నాలుగో గణం మొదట సొ ఉన్నా చొ ఉన్నా యతి చెల్లుతుంది. గణాలూ మారవు, నాలుగు లఘువులే. కానీ ఈ పద్యంలో అసలైన అక్షరం సొ కాదు, రెండో పాదంలో "నేరును ద్విజుడున్" లోని ను. మా క్లాసులో మాస్టారు ఒకబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి గురులఘువులు పెట్టమన్నారు. వాడు "సంయుక్తాక్షరం ముందున్నది గురువు" అని గట్టిగా చెప్పి ను మీద U పెట్టాడు. నాలుగు ఉండాల్సిన ఆ గణానికి ఐదు మాత్రలొచ్చాయి, కందపద్యం కుంటింది. మాస్టారు చాక్‌పీస్ తీసుకొని "ఒరేయ్, రెండూ వేరు వేరు మాటలు, సమాసం కాదు, ద్విజుడు పక్కింట్లో ఉంటే వీడికెందుకురా బరువు" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవడో "మీరు పక్క క్లాసులో ఉన్నా మాకు బరువే సార్" అన్నాడు. ఆయన ఎంత నవ్వారంటే బోర్డు తుడిచే గుడ్డతో కళ్ళు తుడుచుకున్నారు, ముఖమంతా సుద్ద.

కొత్తచాక్‌పీస్:
చొప్ప సంగతి ఎవరూ పట్టించుకోరేం? చొప్పడు అంటే కలుగు, సమకూరు అని మనందరికీ తెలిసిందే. నా ఊహ ఏమిటంటే అది చొప్పు లోంచి వచ్చింది. చొప్పు అంటే జాడ, తీరు. "నెలకి వంద చొప్పున" అని ఇవాళ్టికీ అంటున్నామా లేదా. ఒక తీరులో పడితే చొప్పడినట్టు. అప్పూ, వైద్యుడూ, ఏరూ, ద్విజుడూ అన్నీ తీరుగా కుదిరిన ఊరు అన్నమాట. కాబట్టి ఆ అబ్బాయి చొప్ప అని రాసినా రెండు మార్కులకి అర్హుడే, చొప్పు దాకా వచ్చి ఒక కొమ్ము దగ్గర ఆగాడు.

కందం:
ఊహ బాగుంది. నిఘంటువు ఒప్పుకోవాలి.

బెంచిమీద_పేరు:
చ మాటొచ్చింది కాబట్టి పోతన దగ్గరికి వెళ్ళకుండా ఎలా? "సిరికిం జెప్పడు", ఏనుగుని కాపాడటానికి విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తే పద్యం. అక్కడ అదే చ ద్రుతం తగిలి జ అయింది. ఆ ఒక్క జ లో స్వామి పరుగు వినిపిస్తుంది నాకు, చెప్పడు అని విడదీసి చదివితే స్వామి ఆగి ఆలోచించినట్టు ఉంటుంది.

ఈ పద్యం మా తొమ్మిదో తరగతిలో చెప్పిన తీరు రాస్తాను. శ్రీనాథుడు వెక్కిరించాడనీ, ఆయుధం లేకుండా వెళ్ళి ఏనుగునెలా కాపాడతాడని అడిగాడనీ, పోతన బావిలో రాయి పడేసి పిల్లాడు పడ్డాడని అరిచాడనీ ఒక కథ ఉంది కదా. మా మాస్టారు ఆ కథ చెప్పకుండా నేరుగా డస్టర్ తీసి కిటికీలోంచి బయటికి విసిరి, "అయ్యో, హెడ్మాస్టారు పడిపోయారు!" అని కేక పెట్టారు. క్లాసు క్లాసంతా బయటికి పరుగు. మా బడిలో చెప్పులు గుమ్మం బయట వరసగా విప్పేవాళ్ళం, ఒక్కరు కూడా వాటి వైపు చూడలేదు. ఒకమ్మాయి చేతిలో పెన్ను మూత లేకుండా అలాగే ఉంది. మాస్టారు మెల్లగా వెనకాల వచ్చి "చెప్పులేసుకున్నారర్రా ఎవరైనా? మీకే ఆగబుద్ధి కాలేదు, ఇక ఆయనకి శంఖమూ చక్రమూ గుర్తొస్తాయా?" అన్నారు. ఆ తరవాత ఆ పద్యానికి అర్థం మాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. హెడ్మాస్టారు మాత్రం వరండా చివర నిలబడి ఇదంతా చూస్తున్నారు.

పెరంబూరు పంతులమ్మ:
ఆ మాస్టారికి ఇక్కడి నుంచే నమస్కారం.

నల్లబల్ల:
అయ్యా, అమ్మా, నా సొర ఏమైంది? ఇవాళ నా పక్కబెంచీ వాడికి ఫోన్ చేశాను. వాడు తేల్చేశాడు: "పుస్తకంలో చొరకుము అని ఉంటే నేను సొరకాయ అని ఎందుకు రాస్తానురా?" ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అరసున్న:
ఆ జవాబు మీ మాస్టారి ఉచ్చారణకి సాక్ష్యం అవుతుంది తమ్ముడూ, అచ్చు పుస్తకానికి కాదు. ఆయన నోట విన్నది రాశాడు. పుస్తకం తెరిచేవాడైతే చొప్ప దగ్గరే ఆగేవాడు.

పెరంబూరు పంతులమ్మ:
ఇలాంటి పద్యాలు ఎన్ని తరాలు నోటి మీదే బతికాయనుకున్నారు! బద్దెన రాశాడంటారు, 13వ శతాబ్దం అంటారు. మాస్టారి నోటిని మించిన ప్రతి ఏముంటుంది? సొరకుమే.

అరసున్న:
కిటికీ వైపు వాళ్ళూ, తలుపు వైపు వాళ్ళూ విన్నది ఆ ఒక్క నోరే కదండీ!

కందం:
అది వదిలేయండి కాసేపు. బెంచిమీద_పేరు గారూ, ఇంతకీ ఆ హెడ్మాస్టారు ఏమన్నారు?

బెంచిమీద_పేరు:
ఏమీ అనలేదు. ఆవరణలోకి దిగి డస్టర్ ఏరుకొచ్చి మాస్టారి చేతికిచ్చి, మాతోపాటు లోపలికొచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. గంట కొట్టేదాకా కదల్లేదు.