అప్‌డేట్: పాప పొడి చర్మం, నలుగు సంగతి

మా ఐదు నెలల పాపకి బుగ్గలు, మోచేతి మడతలు పొడిబారి ఎర్రగా అవుతున్నాయి, నలుగు మానాలా అని పోయిన నెల అడిగాను కదా. అమలాపురంలో పిల్లల డాక్టరు గారికి చూపించాం. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే సమస్య) అన్నారు.

సున్నిపిండితో రుద్దడం ఆ రోజే ఆపేశాం. ఈ మాట అత్తయ్యగారితో ఎలా చెప్పాలా అనే నా టెన్షనంతా. పుట్టిన దగ్గర్నుంచి పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఆవిడే. చెప్పగానే పాప మోచేయి తడిమి చూసి, "పిల్లకి మంట పుడితే వద్దులే అమ్మా" అన్నారు. ఇప్పటికీ ఆవిడే పోస్తారు, గోరువెచ్చని నీళ్లు, ఐదు నిమిషాల్లో. తర్వాత పాత నూలు చీర ముక్కతో అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరకముందే సువాసనలు కలపని మాయిశ్చరైజర్ దట్టంగా రాస్తున్నాం. రాత్రి ఇంకోసారి. ఎరుపు ఎక్కువున్న చోట డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఆయన చెప్పినన్ని రోజులే వాడాం. సాంబ్రాణి పొగ కూడా మానేశాం.

మన తోట కొబ్బరి నూనెని ఆయన వద్దనలేదు, కానీ క్రీముకి బదులుగా మాత్రం కాదన్నారు.

బుగ్గలు నున్నబడ్డాయి. ఉక్కపోసిన రోజు ఎడమ మోచేతి మడత ఇంకా ఎర్రబడుతోంది. రాత్రిళ్లు మాత్రం గోక్కోకుండా నిద్రపోతోంది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.