రెండు చోట్లా సగటు 12 వచ్చింది, మరి పాప ఏం పోల్చి రాయాలి?

కుట్టుమిషన్ (అనంతపురం):
టవర్ క్లాక్ దగ్గర టైలరింగ్ చేస్తాను. నేను చదివింది పదో తరగతి వరకే. మా పాప ఏడో తరగతి. ఏవైనా రెండు దత్తాంశాలు సొంతంగా సేకరించి, పటం గీసి పోల్చుకుని రమ్మన్నారంట. ఆదివారం రాప్తాడు దగ్గర మా నాయన చేనికి పోయి శనక్కాయ చెట్లు పీకినాము. అంతా కదిరి-6 విత్తనమే, ఒకే రోజు వేసింది. దిన్నె మీద తొమ్మిది చెట్లు, పల్లంలో తొమ్మిది. చెట్టుకు ఎన్ని కాయలో పాపే లెక్కపెట్టింది.

దిన్నె: 8, 10, 11, 11, 12, 12, 13, 14, 17
పల్లం: 2, 4, 6, 7, 9, 13, 18, 22, 27

రెండు చోట్లా మొత్తం 108, సగటు 12. రెండు కమ్మీలు గీసి, రెండూ ఒకే ఎత్తు వచ్చేసరికి "రెండూ సమానం" అని రాసి పుస్తకం మూసేసింది. పల్లంలో రెండు కాయల చెట్టు పీకినప్పుడు మా నాయన ముఖం చూసినదాన్ని నేను. సమానం ఎట్లయితుంది? లెక్కల్లో దాన్ని ఎట్ల చెప్పాలో తెలియడం లేదు.

లెక్కల మాస్టారు (కర్నూలు):
అమ్మా, పాప లెక్క సరిగ్గానే చేసింది, పటమే ఈ పనికి సరిపోలేదు. సగటుకు కమ్మీ గీస్తే చెట్లు మాయమైపోతాయి. చుక్కల పటం గీయించండి. అడ్డంగా సంఖ్యారేఖ, చెట్టుకో చుక్క. అదే సంఖ్య మళ్లీ వస్తే చుక్క మీద చుక్క. దిన్నెది పైన, పల్లానిది కింద, రెండింటికీ ఒకే స్కేలు. పిల్లలు ఒకటి 8 నుంచి 17 వరకు, ఇంకొకటి 2 నుంచి 27 వరకు పేజీ నిండా సాగదీసి "ఒకేలా ఉన్నాయి సార్" అంటారు. దిద్దీ దిద్దీ విసిగిపోయాను.

తర్వాత వరుసలో ఐదోది, అంటే మధ్యగతం చూడమనండి: దిన్నెలో 12, పల్లంలో 9. వ్యాప్తి దిన్నెలో 17 – 8 = 9, పల్లంలో 27 – 2 = 25. పల్లంలో 18, 22, 27 కాయల చెట్లు మూడూ సగటును పైకి లాగాయి.

కడప కుర్రోడు:
అక్కా, బాక్స్ ప్లాట్ కూడా గీయొచ్చు. 1970లలో జాన్ టూకీ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. మధ్యగతాన్ని పక్కన పెట్టి, దానికి అటు నాలుగు, ఇటు నాలుగు తీసుకుని మళ్లీ వాటి మధ్యగతాలు చూస్తే దిన్నెకు 10.5, 13.5 వస్తాయి. పల్లానికి 5, 20. ఆ రెండు అంకెల మధ్య పెట్టె గీయడమే బాక్స్ ప్లాట్. పెట్టె వెడల్పు ఒకచోట 3, ఇంకోచోట 15.

లెక్కల మాస్టారు (కర్నూలు):
బాగుంది గానీ తొమ్మిదేసి చెట్లకు చుక్కలే చాలు నాయనా. పెట్టె గీస్తే చెట్లు మళ్లీ దాక్కుంటాయి.

మెట్ట రైతు (కళ్యాణదుర్గం):
పల్లంలో చెట్లు ఎక్కడెక్కడ పీకినారమ్మా? గట్టు పక్కనా, నడి చేనులోనా? పూత అయినాక ఊడలు నేలలోకి దిగితేనే కాయ కడుతుంది, అప్పుడు నేల గట్టిబడితే కాయ పట్టదు, నీళ్లు నిలిచినా చెట్టు దెబ్బతింటుంది. మన ఉమ్మడి జిల్లా సగటు వాన కూడా ఏడాదికి 552 మిల్లీమీటర్లు అనేవాళ్లు. ఊడల టైములో పడిందా లేదా అన్నది ఆ అంకెలో ఉంటుందా?

కుట్టుమిషన్ (అనంతపురం):
మాస్టారూ, కాగితం కన్నా ముందు నా కొలత టేపు నేల మీద పరిచినాము. టేపు పైన దిన్నె, కింద పల్లం. చెట్టుకో కాయ తీసుకుని, ఆ చెట్టుకు ఎన్ని కాయలుంటే అన్నో ఇంచీ దగ్గర పెట్టినాము. టేపు ఒకటే కాబట్టి స్కేలు తప్పే పనే లేదు. దిన్నె కాయలన్నీ 12 చుట్టూ గుంపుగా కూర్చున్నాయి. పల్లానివి మాత్రం రెండో ఇంచీ దగ్గర మొదలై మంచం కిందికి పోయినాయి. పాప "సమానం" కొట్టేసి, "సగటు ఒకటే, కానీ దిన్నెలో ఏ చెట్టు పీకినా దాదాపు 12 కాయలు ఉంటాయని అనుకోవచ్చు, పల్లంలో అట్ల అనుకోలేము" అని రాసింది.

రైతన్నా, మీరు అడిగిందే నాయనను ఫోన్లో అడిగినా. 2, 4 కాయల చెట్లు రెండూ బండిబాట అంచున పీకినవంట. వచ్చే ఆదివారం నడి చేనులో ఇంకో తొమ్మిది పీకుతామంటే, "పంటంతా మీ లెక్కలకే సరిపోతుంది" అని తిట్టినాడు.